వేగం నాలుగు

నల్లగుట్లపల్లిలో కరువును చూపించడం కుళ్ళాయప్ప పని. కరువు తెచ్చే పని ఆకాశం చూసుకుంటుంది. దాన్ని ఆఫీసర్ల కంట పడేలా చేసే పని మాత్రం ఆయనది. జీతం లేదు, ఎవరూ అప్పజెప్పిన ఉద్యోగమూ కాదు. అయినా బెళుగుప్ప మండలం మొత్తం మీద ఆ విద్యలో ఆయన్ను మించినవాడు లేడని ఊరికి నమ్మకం. ఆయనకైతే అందులో అనుమానమే లేదు.

సరదాకు ఎత్తుకున్న పని కాదది. ఒక ఏడాది పైర్లన్నీ మాడిపోయాక, కరువు బృందం వచ్చే ముందు రోజు ఒక జల్లు పడి చచ్చింది. వేరుశనగ చెట్లు పచ్చగా తలెత్తాయి. పీకి చూస్తే కింద కాయ లేదు, పైన మాత్రం నవనవలాడుతూ పచ్చదనం. ఆఫీసర్లు జీపు దిగకుండానే "బాగుందే పైరు!" అని మెచ్చుకుని వెళ్ళిపోయారు. ఆ ఏడాది చుట్టుపక్కల ఊళ్ళకు కరువు సాయం వచ్చింది, నల్లగుట్లపల్లికి పొగడ్త వచ్చింది. ఉన్న కరువును ఉన్నట్టు వదిలేస్తే ఎవరి కంటికీ ఆనదని కుళ్ళాయప్పకు అప్పుడే తెలిసొచ్చింది.

అప్పటి నుంచి జీపు వస్తోందంటే చాలు, ఊరు ఆయన చేతిలోకి పోతుంది. ఏ చేను ముందు చూపించాలి, ఏ ఎద్దును రోడ్డు పక్కన కట్టాలి, ఖాళీ బిందెలు ఎక్కడ వరుసగా పేర్చాలి, అన్నీ ఆయనే చెబుతాడు. పొద్దంతా జీవాల వెంట గుట్టలెక్కి దిగే ఓబుళేసు ఆ రోజు మాత్రం అరుగు మీద కూర్చుని దగ్గుతాడు. వేరుశనగ మూటలను లారీలోకి విసిరే బయ్యన్న గోడ పట్టుకుని నిలబడతాడు. కదిరమ్మవ్వకు ఏమీ నేర్పనక్కర్లేదు, జీపు చప్పుడు వింటే కళ్ళనీళ్ళు వాటంతట అవే వస్తాయి. నీళ్ళ ట్యాంకరు తోలే లక్ష్మన్నకు మాత్రం ముందే కబురు పోతుంది, ఆఫీసర్లు వెళ్ళేదాకా గుట్ట అవతలే ఆగమని. ట్యాంకరు కనబడిందంటే "నీళ్ళు అందుతున్నాయి" అని రాసుకుపోతారు కదా.

నిజానికి ఆ ట్యాంకరుకు వేళాపాళా లేదు. ఒక్కోసారి వరసగా వస్తుంది, ఒక్కోసారి ఊరు దాని మొహమే మరిచిపోతుంది. వచ్చిన రోజున గుట్ట మలుపు తిరుగుతూనే లక్ష్మన్న పొడుగ్గా ఒక హారన్ కొడతాడు. ఇక అంతే, చేతిలో పని చేతిలోనే వదిలి ఊరు ఊరంతా బిందెలతో పరుగు. ఒకసారి బయ్యన్న చెల్లెలి నిశ్చితార్థం మధ్యలో ఆ హారన్ మోగింది. పెళ్ళికూతురు తాంబూలం పళ్ళెం కిందపెట్టి బిందె అందుకుంది. మగపెళ్ళివారు తెల్లబోయి కూర్చున్నారు గానీ, తర్వాత ఆ పిల్ల మోసుకొచ్చిన నీళ్ళే తాగి వెళ్ళారు.

ఆ పరుగులో ఎప్పుడూ అందరికన్నా ముందుండేది కుళ్ళాయప్ప కూతురు చౌడేశ్వరి. చంకన బిందె పెట్టుకుని దుమ్ము రేపుతూ పోతున్న ఆ పిల్లను బెళుగుప్ప హైస్కూలు డ్రిల్లు మాస్టరు ఒకరోజు చూశాడు. చూసినవాడు ఊరుకోకుండా బిందె దింపించి కాళ్ళ ముందు ఫుట్‌బాల్ పెట్టాడు. ఇప్పుడామె కల్యాణదుర్గంలో డిగ్రీ చదువుతోంది, అక్కడి జట్టులో ఆడుతోంది. బంతి ఆమె కాలికి దొరికిందంటే వెనకున్నవాళ్ళకు ఆమె వీపు తప్ప ఇంకేమీ కనబడదు. కుళ్ళాయప్ప పైకి "ఆడపిల్లకు బాలాట ఏంటికి?" అని గొణుగుతాడు. ఆమె గెలిచిన కప్పును దేవుడి పటాల పక్కన పెట్టింది మాత్రం ఆయనే.

అట్లాంటి ఊరికి బెంగళూరు నుంచి ఒక ఫోను వచ్చింది. మాట్లాడింది గిరి అనే కుర్రాడు. ఫోన్లలో ఆడుకునే ఫుట్‌బాల్ ఆట ఒకటి వాళ్ళు తయారుచేస్తున్నారట. అందులో అన్నీ పల్లెల జట్లే, నిజమైన మనుషులు, నిజమైన ముఖాలు. ఒక్కొక్కరికి వేగానికి ఇంత, బలానికి ఇంత, ఓపికకు ఇంత అని వందకు మార్కులు వేస్తారట. ఆడేవాళ్ళు ఆ మార్కులు చూసి తమకు కావలసిన జట్టును ఎంచుకుంటారట. బెళుగుప్ప పక్క పిల్లలు బాగా ఆడతారని విని ఈ ఊరిని పట్టుకున్నాడు.

"మీ ఊరోళ్ళ బలం, వేగం కొలవడానికి వస్తాం సార్. చిన్నాపెద్దా, ఆడామగా ఎవరైనా సరే," అన్నాడు గిరి.

కుళ్ళాయప్ప అంతా విన్నాడు. చెవికెక్కింది మాత్రం ఒక్కటే, కొలుస్తారు అని. ఆ ఊళ్ళో ఇంతవరకు ఎవరు ఏది కొలిచినా లోటే కొలిచారు. వాన కొలిచారు, తక్కువన్నారు. బోర్లలో నీళ్ళు కొలిచారు, లేవన్నారు. అంగన్‌వాడీలో పిల్లల జబ్బలు కొలిచారు, సన్నమన్నారు. బలం కొలుచుకుపోవడానికి ఒక మనిషి డీజిలు పోసుకుని అంత దూరం నుంచి వస్తాడంటే నమ్మడానికి ఆయనేమైనా పిచ్చివాడా? ఇదంతా ఆఫీసర్ల కొత్త ఎత్తని తేల్చేశాడు. ఆట పేరు చెప్పి ఊరిని గంతులేయించి, "గట్టిగానే ఉన్నారు" అని సాయం ఎగ్గొట్టడానికి.

గిరి అచ్చం ఆఫీసర్ల మాదిరి తెల్ల జీపులో దిగాడు. దాంతో మిగిలిన ఒకరిద్దరి అనుమానం కూడా తీరిపోయింది. బడి వెనక మైదానంలో కెమెరాలు నిలబెట్టి, ఒక్కొక్కరిని పిలిచి, ఒంటికి తెల్ల చుక్కలు అంటించి "ఇప్పుడు పరిగెత్తండి" అన్నాడు. ఓబుళేసు అడుగులో అడుగు వేసుకుంటూ బయల్దేరి, నడిమధ్యలో చతికిలబడి, దగ్గి, కాసిని నీళ్ళడిగాడు. బయ్యన్న బంతిని ఎత్తబోయి "బరువుండాది సార్" అని వదిలేశాడు. గోలు ముందు నిలబెట్టిన కదిరమ్మవ్వ, బంతి తన వైపు వస్తుంటే కొంగు కళ్ళకద్దుకుని బావురుమంది. గిరి పాపం, మర్యాదస్తుడు, ల్యాప్‌టాప్‌లో టకటకా ఎక్కించుకుంటూ పోయాడు. ఆ టకటక వింటుంటే కుళ్ళాయప్పకు కడుపు నిండింది.

అప్పుడు వచ్చింది చౌడేశ్వరి, కల్యాణదుర్గంలో బస్సెక్కి జెర్సీతోనే. ఊరి అవతారం చూసి నిలువునా నీరుగారిపోయింది. తండ్రిని పక్కకు లాగింది.

"నాయనా, వీళ్ళు కరువోళ్ళు కాదు. బాలు తెచ్చినారు చూడు. కరువోళ్ళు యాడన్నా బాలు తెస్తారా?"

"గమ్మునుండు. పోయినసారి గాడిదకు ఫోటో తీసుకోని పోయినారు, చూడలేదా? వాళ్ళు ఏమన్నా తెస్తారు."

"ఇది నిజంగా ఆటనే నాయనా. నా మార్కులు అందరూ చూస్తారు. నేను పరిగెత్తల్ల."

"ఊరంతా ఒక పక్క కుంటుతాంటే నువ్వొకదానివి గుర్రం మాదిరి పరిగెత్తితే వాడు నమ్ముతాడా? ఇంతమంది నోట్లో మన్ను కొడతావా పాపా?"

ఆయన మాటలతో ఆగలేదు. భుజం మీది తువ్వాలు తీసి, ఊరంతా చూస్తుండగా ఆమె కుడి మోకాలికి బిగించి కట్టేశాడు. చౌడేశ్వరి ఊరి ముఖం చూసింది, తండ్రి ముఖం చూసింది, పళ్ళు బిగబట్టి కుంటింది. ఏ పనైనా ఒళ్ళు దాచుకోకుండా చేసే పిల్ల, కుంటడం కూడా అట్లాగే చేసింది. "శభాష్," అనుకున్నాడు కుళ్ళాయప్ప. ఆ శభాష్ తర్వాత ఎన్నాళ్ళో ఆయన గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ఆట బయటికి వచ్చింది. మొదట చూసింది ఇమ్మానుయేల్. టీ అంగడి పక్కన సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం అతనిది. దుకాణంలో పెద్ద టీవీకి ఫోను తగిలించి ఊరినంతా కేకేశాడు. తెర మీద పల్లెల జట్లన్నీ మార్కుల ప్రకారం వరుసగా ఉన్నాయి. అన్నిటికన్నా అడుగున, ఎవరికీ అందనంత కింద, నల్లగుట్లపల్లి. జట్టు మొత్తానికి వందకు ఏడు. దానికి సరిగ్గా పైనున్న ఊరికి ముప్పై తొమ్మిది.

ఇమ్మానుయేల్ ఆట మొదలుపెట్టాడు. తెర మీద ఓబుళేసు బంతిని కాలితో తాకి, అక్కడే కూర్చుని దగ్గాడు. బయ్యన్న గోలుపోస్టు పట్టుకుని నిలబడ్డాడు, ఇక కదల్లేదు. ఎదుటి జట్టువాడు గోలు మీదికొస్తే కదిరమ్మవ్వ కొంగు తీసింది, బంతి పక్క నుంచి వెళ్ళిపోయింది. ఊరు పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. కుళ్ళాయప్ప ఒక్కడే నవ్వలేదు.

"అయితే ఇది నిజంగా ఆటనేనా?" అని ఇమ్మానుయేల్‌ను అడిగాడు.

"ఆటనే అన్నా."

"గవర్నమెంటు కాదా?"

"గవర్నమెంటుకు ఇంత బాగా చేసేకి యాడొస్తాదన్నా!"

నవ్వు చల్లారాక తగువులు మొదలయ్యాయి. బయ్యన్నకు తొమ్మిది, ఓబుళేసుకు ఆరు. టీ అంగడిలో "తొమ్మిదికి ముందు పొయ్యప్పా, ఆరు తర్వాత తాగుతాడు" అని బయ్యన్న, "కూర్చున్నోనికి ఆరొచ్చింది, నిలబడినోనికి తొమ్మిదేనా?" అని ఓబుళేసు. అందరిలోకీ ఎక్కువ కదిరమ్మవ్వకు, పదకొండు. ఎందుకు వచ్చాయో దేవుడికే తెలియాలి. ఊరి పంచాయితీల్లో "పదకొండు ఏమంటాది?" అని ఆమెను అడగడం, ఆమె కాస్త ఆలోచించినట్టు ఆగి తీర్పు చెప్పడం మామూలైపోయింది.

బయటి లోకం ఇంకో రకంగా పిచ్చిదైంది. గొప్ప జట్టుతో ఎవడైనా గెలుస్తాడు, దమ్ముంటే నల్లగుట్లపల్లితో గెలవమని ఊరూరా కుర్రాళ్ళు పందేలు వేసుకుని వీడియోలు పెట్టారు. వారాల తరబడి ఆడినా ఎవడి వల్లా కాలేదు. చివరికి కేరళ కుర్రాడొకడు గెలిచాడు. ఎదుటివాడు బలంగా కొట్టిన బంతి, కూర్చుని దగ్గుతున్న ఓబుళేసు తలకు తగిలి, వెనక్కి ఎగిరి, మైదానం దాటుకుంటూ పోయి అవతలి గోలులో పడింది. ఆ వీడియో చూసిన నాటి నుంచి ఓబుళేసు తలకు నూనె పెట్టడం మరవలేదు.

ఇంత సందడిలో ఒక్కరికే అది చావుబతుకుల సంగతైంది. చౌడేశ్వరి, వేగం నాలుగు. అనంతపురంలో జిల్లా జట్టు ఎంపికలకు వెళ్ళిన రోజున అవతలి ఊళ్ళ పిల్లలు ఆమెను చూసి మోకాలు పట్టుకుని కుంటారు. "నాలుగొచ్చిందే, దారివ్వండి" అన్నారు. నవ్వుతూనే అన్నారు, చెడ్డ పిల్లలేమీ కాదు. ఆమె కాళ్ళు మాత్రం ఆ మాటను నమ్మేశాయి. ఎప్పుడూ కళ్ళు మూసుకుని దాటిపోయే పిల్లల్ని ఆ రోజు దాటలేకపోయింది. ఇంటికొచ్చి బూట్లు మేకుకు తగిలించింది, తండ్రితో మాట మానేసింది.

వేళకు సంగటి పెడుతుంది, నీళ్ళ చెంబు పక్కన పెడుతుంది, మాట మాత్రం లేదు. తల్లి లేని ఇంట్లో ఉండేదే ఇద్దరు, అందులో ఒకరు మాట్లాడకపోతే రెండోవాడు ఎవరితో మాట్లాడాలి? కుళ్ళాయప్ప కొన్నాళ్ళు బర్రెతో మాట్లాడి చూశాడు. అదీ మొహం తిప్పుకుంది. ఊరికి మంచి చేయబోయి కూతురి కాళ్ళు తానే విరగ్గొట్టానని ఆయనకు అర్థమైంది. లోపల్లోపల కుమిలిపోయాడు. ఆఖరికి గిరికి ఫోను చేశాడు.

"నా కూతురికి నాలుగేంది సార్? జిల్లాలో దాన్ని దాటేటోళ్ళు లేరు."

"కెమెరా చూసిందే వేసినాం సార్. మేము కలిపింది ఏం లేదు."

"కెమెరాకు అబద్ధం చెప్పింది నేను. ఆ పాప కాదు."

అటువైపు గిరి ల్యాప్‌టాప్ టకటకలాడించాడు. కొత్త సీజను ముందు అన్ని జట్లనూ ఇంకొక్కసారి కొలుస్తామని, వచ్చే గురువారం వస్తామని చెప్పాడు. ఆ తర్వాత మార్కులు మూసేస్తారు, ఎవరివి వాళ్ళకు ఖాయం, ఇక మార్చడమంటూ ఉండదు. కుళ్ళాయప్ప ఇంటికొచ్చి ఆ సంగతి గోడకు చెప్పినట్టు గట్టిగా చెప్పాడు. చౌడేశ్వరి తలెత్తలేదు. సాయంత్రానికి మేకు మీద బూట్లు లేవు.

బుధవారం పొద్దున గ్రామ సచివాలయం నుంచి కబురొచ్చింది, కరువు బృందం గురువారం వస్తోందని. టీ అంగడి ముందు ఊరు చేరింది.

"ఇప్పుడేం చేయల్లప్పా? కరువు కావల్లనా, మార్కులు కావల్లనా?" అన్నాడు బయ్యన్న.

"నాకు యాభై రావల్ల. పదకొండుతోనే చస్తే నా ఆత్మకు శాంతి ఉండదు," అంది కదిరమ్మవ్వ.

"చెనిక్కాయ పైరు పోయినాది, ఈసారి సాయం గూడ పోతే జీవాలు అమ్ముకోవల్ల నేను," అన్నాడు ఓబుళేసు.

అందరూ కుళ్ళాయప్ప వైపు చూశారు. ఆయన కళ్ళు మూసుకుని, మీసం దువ్వి, రెండూ కావాలన్నాడు. ఆఫీసర్లను పై వీధిలో తిప్పుతారు, గిరిని బడి వెనక మైదానంలో కూర్చోబెడతారు. రెంటికీ మధ్య ఇమ్మానుయేల్ ఇంటి సందు. పై వీధిలో దగ్గాలి, సందులో పడి రావాలి, మైదానంలో పరిగెత్తాలి, మళ్ళీ సందులో పడి పైకెళ్ళి దగ్గాలి. లక్ష్మన్నకు మామూలుగానే గుట్ట అవతల ఆగమని ఫోను పోయింది. మైదానానికి వెళ్ళే దారి మొదట్లో, ఆఫీసర్లకు కనబడేలా ఖాళీ బిందెలు వరుసగా పేర్చారు. ఎందుకైనా మంచిదని కుళ్ళాయప్ప అదే పాత తువ్వాలు భుజాన వేసుకున్నాడు. పాత అలవాటు, అంత తేలిగ్గా పోతుందా?

గురువారం రెండు జీపులూ వచ్చాయి, రెండూ తెల్లవే. మొదట్లో అంతా సవ్యంగానే సాగింది. ఓబుళేసు పైన దగ్గి, కిందికి దిగి దూకుడుగా పరిగెత్తి, మళ్ళీ పైకెక్కి దగ్గాడు. కాసేపటికి మనిషికి దిక్కు తెలియకుండా పోయింది. పై వీధిలో పెద్దాఫీసరు చుట్టూ బాణంలా పరిగెత్తి, కిందికొచ్చి గిరి కాళ్ళ దగ్గర కూలబడి ప్రాణం పోయేట్టు దగ్గాడు. కదిరమ్మవ్వ గోలు ముందు పులిలా దూకి బంతి పట్టుకుంది. అంతలో జీపు చప్పుడు వినబడింది, బంతిని గుండెలకు హత్తుకుని ఏడ్చింది. బయ్యన్న సందులోంచి రొమ్ము విరుచుకుని వచ్చాడు. ఎదురుగా తెల్ల చొక్కా కనబడితే గిరి మనిషనుకుని అమాంతం నెత్తికెత్తాడు.

"చూడండి సార్, ఎంత బరువన్నా ఇట్లనే ఎత్తుతా!"

"దించవయ్యా! నేను కరువు బృందాన్నయ్యా!" అని పైనుంచి పెద్దాఫీసరు అరిచాడు.

బయ్యన్న ఆయన్ను దించి, తక్షణం గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఏం లాభం? పెద్దాఫీసరు కళ్ళద్దాలు సరిచేసుకున్నాడు. ఎన్నో ఊళ్ళు చూసినవాడు, నెత్తి మీద ఊరేగింది మాత్రం ఇక్కడే. "ఆ పక్క ఏం జరుగుతోంది?" అంటూ సందులోకి నడిచాడు. వెనక చిన్నాఫీసరు, ఆ వెనక కుళ్ళాయప్ప.

మైదానంలో చౌడేశ్వరి గీత దగ్గర నిలబడి ఉంది. కాళ్ళకు బూట్లు, ఒంటికి తెల్ల చుక్కలు. "ఇదొక్కటే మిగిలింది, తర్వాత క్లోజు," అంటున్నాడు గిరి. ఆమె తలెత్తి చూసింది. తండ్రి, తండ్రి పక్కన ఆఫీసరు, తండ్రి భుజం మీద ఆ తువ్వాలు. ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. అందరి కళ్ళూ కుళ్ళాయప్ప మీదే ఉన్నాయి. ఊరిని గట్టెక్కించడానికి ఇంకా వీలుంది. ఒక్క కట్టు కడితే చాలు.

చౌడేశ్వరి నెమ్మదిగా కుడికాలు ముందుకు చాపింది, కట్టుకోమన్నట్టు. కోపంతో చాపి ఉంటే ఆయన తట్టుకునేవాడు. కోపం లేదు. పోయినసారి ఊరి కోసం కుంటిన పిల్ల ఈసారీ కుంటడానికి సిద్ధపడే ఉంది. అది చూసి కుళ్ళాయప్ప గుండె చెరువైపోయింది. తువ్వాలు తీశాడు, దాంతో మొహం తుడుచుకున్నాడు, బడి గోడ అవతలికి విసిరేశాడు.

"పరిగెత్తు పాపా," అన్నాడు. మళ్ళీ అన్నాడు, ఈసారి ఊరంతా వినేలా. "పరిగెత్తే!"

ఆమె పరిగెత్తింది. ఎట్లా పరిగెత్తిందో చెప్పాలంటే నా వల్ల కాదు. గిరి ఒకసారి కెమెరా చెడిందేమోనని కొట్టి చూసుకున్నాడు, అంతవరకు చెప్పగలను.

"బాగుందయ్యా!" అన్నాడు పెద్దాఫీసరు. ఆ మాట వింటే కుళ్ళాయప్పకు పాత జల్లు గుర్తొచ్చింది. "పిల్ల చూస్తే ఇట్లా ఉంది, మనుషులు చూస్తే నన్నెత్తి గిరగిరా తిప్పుతున్నారు. తాగడానికి నీళ్ళు లేని ఊరా ఇది? నీళ్ళు లేనివాళ్ళు ఇట్లా పరిగెత్తుతారా?"

ఎప్పుడూ నాలుక చివర సిద్ధంగా ఉండే అబద్ధాల కోసం కుళ్ళాయప్ప వెతికాడు. ఒక్కటీ దొరకలేదు. వాటికి బదులు, ఏళ్ళ తరబడి రోజూ చూస్తూ ఎన్నడూ చూడని సంగతి ఒకటి తట్టింది.

"నీళ్ళు లేకనే సార్ ఈ పరుగు వచ్చినాది."

"అంటే?"

"చెప్తే మీరు నమ్మరు సార్. చూపిస్తా."

ఫోను తీసి లక్ష్మన్నకు చేశాడు. "లక్ష్మన్నా, వచ్చేయప్పా. హారన్ కొట్టుకుంటా రా."

ఆ మాట చెవిన పడింది ఇద్దరాఫీసర్లకే. ఊళ్ళో ఎవరికీ ఈసారి ఆయన ఏమీ నేర్పలేదు, ఎక్కడ నిలబడాలో చెప్పలేదు. గుట్ట మలుపులో పొడుగ్గా హారన్ మోగింది. ట్యాంకరు వచ్చి పది రోజులు దాటింది.

కదిరమ్మవ్వ బంతిని వదిలేసి, ఏడుపు సగంలో మింగి, చీర ఎగ్గట్టింది. ఓబుళేసు దగ్గు మధ్యలోంచి లేచాడు. బయ్యన్న గోడ వదిలాడు. చూపించడానికి పేర్చిన ఖాళీ బిందెలు కళ్ళు మూసి తెరిచేలోపు మాయమయ్యాయి. చుక్కలు అంటించుకున్నవాళ్ళూ, అంటించుకోనివాళ్ళూ, దగ్గేవాళ్ళూ, దూకేవాళ్ళూ అందరూ ఒకే దిక్కుకు దుమ్ములో కలిసిపోయారు. పరుగు ముగించి ఇంకా ఆగని చౌడేశ్వరి అట్లాగే రెండు బిందెలందుకుని వాళ్ళందరినీ దాటిపోయింది. గిరి కెమెరాలను అటు తిప్పాడు. పెద్దాఫీసరు ఒక బిందె దెబ్బకు గోడకు అతుక్కుపోయాడు. చిన్నాఫీసరు ఎందుకో ఏమిటో తెలియకుండానే జనంతో పాటు పరిగెత్తాడు.

ఇంకో వింత జరిగింది. ఆ హారన్ కొట్టించింది తానేనని కుళ్ళాయప్పకు తెలుసు. ఆయన కాళ్ళకు తెలియదు. చేతిలో బిందైనా లేకుండా పరిగెత్తడం మొదలుపెట్టాడు. నటన లేదు, లెక్క లేదు, ప్రాణం బిగబట్టి పరిగెత్తాడు. చెప్పు ఒకటి ఊడిపోయింది. ఓబుళేసు దాటిపోయాడు, కదిరమ్మవ్వ దాటిపోయింది, చిన్నాఫీసరు కూడా దాటిపోయాడు. రొప్పుతూ రోజుతూ ట్యాంకరు చేరేసరికి చౌడేశ్వరి పైపు పట్టుకుని ఒక బిందె నింపేసింది. ఆయన మొహం చూసింది, ఒంటి చెప్పు చూసింది.

"నాయనా, ఈ బిందె పట్టు," అంది. "చూస్తాండావేంది? నీళ్ళు పోతాండాయి!"

ఎన్ని నెలల తర్వాత విన్న మాట అది! కుళ్ళాయప్ప బిందె పట్టాడు. పట్టుకుని, ఊరి మధ్యలో, జీపు చప్పుడుతో పనిలేకుండానే, ఎవరికీ చూపించాలని లేకుండానే ఏడ్చాడు. నీళ్ళ దగ్గర ఎవరి ఏడుపు ఎవరు చూస్తారు, అందరూ పైపే చూస్తున్నారు.

పెద్దాఫీసరు మెల్లగా నడిచొచ్చి ట్యాంకరు పక్కన నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు.

"రోజూ ఇట్లాగేనా?" అని అడిగాడు.

"రోజూ వస్తే పరిగెత్తేదేంటికి సార్?" అంది కదిరమ్మవ్వ, బిందె నెత్తికెత్తుకుంటూ.

ఆయన జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని పెద్దగా రాసుకున్నాడు. ఎవరో చెంబుతో ఇచ్చిన నీళ్ళు సగమే తాగి, మిగతావి పారబోయకుండా జాగ్రత్తగా తిరిగిచ్చాడు. ఆ ఏడాది ఊరికి పొగడ్త రాలేదు, సాయమే వచ్చింది.

కొత్త సీజను మార్కులు వచ్చిన రోజున ఇమ్మానుయేల్ దుకాణంలో కాలు పెట్టడానికి చోటు లేదు. పరుగులో నల్లగుట్లపల్లి జట్టును మించింది ఇంకెక్కడా లేదు. ఓబుళేసుకు ఎనభై. కదిరమ్మవ్వ యాభై అడిగితే డెబ్బై ఒకటి వచ్చాయి. చౌడేశ్వరికి తొంభై ఆరు. ఒకరికొకరు బంతి అందించుకోవడంలో మాత్రం ఊరు మొత్తానికి పన్నెండే. ట్యాంకరు దగ్గర ఎవరు ఎవరికి దారిస్తారని?

"ఇంకోడున్నాడు చూడు అడుగున," అన్నాడు బయ్యన్న.

నిజమే, జట్టులో కొత్త ఆటగాడొకడు చేరాడు. ఆ రోజు పరిగెత్తినవాళ్ళందరినీ కెమెరా లెక్కలో వేసుకుంది. తెర మీద ఒంటి చెప్పుతో, నోరు తెరుచుకుని, అందరికన్నా వెనకగా వస్తున్నాడు. కుళ్ళాయప్ప, వేగం నాలుగు.

"ఇది అన్యాయమప్పా! నేను ఆ పొద్దు యాక్టింగ్ చేయలేదు! ప్రాణం పెట్టి పరిగెత్తినా!" అని కుళ్ళాయప్ప లేచి నిలబడ్డాడు.

"కెమెరా చూసిందే వేస్తారన్నా. ఇంక మార్చేకి లేదు," అన్నాడు ఇమ్మానుయేల్ నవ్వాపుకుంటూ.

కుళ్ళాయప్ప అలిగి ఇంటికెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. మళ్ళీ జరిగిన ఎంపికల్లో నెగ్గి జిల్లా జట్టుకు రమ్మని కబురందుకున్న కూతురు లోపల ఉంది. ఆమెకు తొంభై ఆరు సంగతి చెబుదామని, తన నాలుగు సంగతి మాత్రం దాచేద్దామని అనుకున్నాడు. అది దాగే సంగతా? ఆయనకన్నా ముందే ఇల్లు చేరింది. కాసేపటికి లోపలి నుంచి కేక వినబడింది.

"రా నాలుగూ, సంగటి చల్లారిపోతాంది!"

ఆ కేకలో నవ్వుంది. కుళ్ళాయప్ప గబుక్కున లేచాడు. పరుగున వెళ్ళాననే అనుకున్నాడు గానీ, నాలుగు నాలుగే కదా, పీట మీద కూర్చునేసరికి కొంచెం ఆలస్యమే అయింది.